అమ్మోరి మలుపు

నేను కంప్యూటర్లో రోడ్డు గీస్తున్నానంటే మా బావ పడీ పడీ నవ్వేవాడు. కంట్రాక్టరు కంకరేసిన రోడ్డే రెండు వానలకి నిలబడనేదు, నువ్వు గీసిన రోడ్డేటి నిలబడతాదే అనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అసలే నాది ముక్కు మీద కోపం, అందులో మరదలిని ఏడిపించడం బావలకి హక్కు కదా, ఆయన ఆ హక్కు ఒక్కరోజు కూడా వదులుకోలేదు.

బావంటే మా అప్ప పెనిమిటి, మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. వాళ్ల ఇల్లు నౌపడ దాటాక, సముద్రం వైపు. బోట్లు ఒడ్డుకి చేరగానే బావ చేపల పెట్టెల్లో ఐసు నింపి వేనుకెత్తి, ఉప్పుమళ్ల మధ్యనున్న రోడ్డు పట్టుకుని హైవే వైపు పరుగుతీసేవాడు. ఐసు కరిగితే సరుకు పోయినట్టే, కాబట్టి ఆయన బండి నడక అదో నడక. అప్ప ఎడమ పక్క సీట్లో కూర్చుని, టెక్కలిలో దిగి బజార్లో చేపలమ్ముకునేది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ సీటు ఆమెదే.

అంత తొందరలోనూ ఒక చోట బావ కాలు తీసేవాడు. ఉప్పుమళ్ల గట్టు అయిపోయే చోట ఒక మలుపుంది. అక్కడ పసుపు పూసిన చిన్న గదిలో అమ్మోరు ఉంటుంది. మా ఒడ్డు డ్రైవర్లంతా ఆ మలుపులో యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, ఒక్కసారి హారన్ నొక్కి, మళ్లీ పోతారు. ఆగరు, దిగరు, దండం కూడా పెట్టరు. సముద్రంలోకి వెళ్లేవాడు ఆమెకి చెప్పి వెళతాడు, సముద్రం ఇచ్చింది పట్టుకుపోయేవాడూ చెప్పే పోవాలి, అంతే. వెనకాల వచ్చే పరాయి ఊరి లారీలవాళ్లు తిట్టుకునేవాళ్లు. ఆ తల్లి ముందునుంచి దూసుకుపోతే మొగోడైపోతాడేటి అని బావ వాళ్లనే ఎదురు తిట్టేవాడు.

నేను శ్రీకాకుళంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేదాన్ని. గోడలూ కిటికీలూ కంప్యూటర్లో నిలబెట్టడం చేతనైనదానికి రోడ్డు నిలబెట్టడం ఎంతసేపు. కార్ల రేసు ఆట ఒకటుండేది. పిల్లలాట కాదు, స్టీరింగు, పెడల్సు తగిలించుకుని నిజం బండి నడిపినట్టే నడపాలి. అందులోకి ఎవరైనా సొంతంగా బండో రోడ్డో తయారుచేసి కలపొచ్చు, దాన్ని మోడ్ అంటారు. దేశదేశాలవాళ్లు తమ ఊరి వీధులు చేసి ఊరికే పంచిపెట్టేవాళ్లు. ఎవడి ఊరి రోడ్లో మనం తిరగడమేమిటి, మనకి రోడ్డు లేదా అనిపించి మా రోడ్డు మొదలుపెట్టాను. బావ నాకు వేను స్టీరింగు ఇచ్చిన పాపాన పోలేదు, అది కూడా ఒక కారణమే అనుకోండి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు బావకి కిడ్నీలు పోయాయి. మా వైపు అది కొత్త జబ్బేం కాదు, ఏ వీధిలో అడిగినా ఒకరి పేరు చెబుతారు. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పరు. డయాలసిస్ మొదలయ్యాక వేను అమ్మేశారు. బావ నులకమంచం మీద కూర్చుని రోడ్డు మీద పోయే బళ్ల చప్పుడు వినేవాడు. ఎవరి బండో చప్పుడుని బట్టి చెప్పి, గేరు లేటుగా మార్చినాడు ఎదవ అని గొణిగేవాడు. తర్వాత ఆ గొణుగుడు కూడా మానేశాడు. ఆయన నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడలేకపోయాను.

ఆఫీసువాళ్లని బతిమాలుకుని, ప్లాన్లు మెయిల్లో పంపుతానని ఒప్పించి, కంప్యూటరు ఆటోలో వేసుకుని అప్ప ఇంటికి వచ్చేశాను. అప్ప కుట్టుమిషను బల్లకి స్టీరింగు బిగించాను, పెడల్సు కింద పెట్టాను. బావ చాలా రోజులు దాని వంక చూడలేదు. బొమ్మల బండి నడిపే గతి పట్టనేదు నాకు అన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను నడుపుతూ వరసగా ఉప్పుమళ్లలో పడిపోతుంటే ఆయనకి ఒళ్లు మండి, "లే ఒసే, లే" అని నన్ను లేపి తను కూర్చున్నాడు.

మొదట తెర మీద రోడ్డుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. తారు అంచులు చిరిగిన చోటు, తూము దగ్గర ఎత్తు, సినిమా హీరో ఫ్లెక్సీ కట్టిన కరెంటు స్తంభం, సిమెంటు కంపెనీ పేరు రాసిన గోడ, అన్నీ నేను ఫోటోలు తీసి పెట్టినవే. బండి కూడా అమ్మేసిన ఆయన వేనే, దాన్నీ అలాగే చేశాను. మెల్లగా బయల్దేరాడు. గట్టు అయిపోయింది, మలుపు వచ్చింది. కాలు తీశాడు. స్టీరింగు మధ్యలో హారన్ బొత్తాం నొక్కాడు. మళ్లీ కాలేసి వెళ్లిపోయాడు. తను చేసింది తనకే తెలీదు. నాకు ఏడుపు ఆగక వంటింట్లోకి పోయాను.

ఆటలో మనతో పోటీ పడే కార్లని కంప్యూటరే నడుపుతుంది. కానీ కొత్త రోడ్డయితే వాటికి దారి తెలియదు. ఎవరో ఒకరు ఒక చుట్టు నడిపి చూపించాలి, ఆ చుట్టు ఎలా నడిపితే అవి అలాగే నడుస్తాయి. ఎక్కడ జోరో అక్కడ జోరు, ఎక్కడ నెమ్మదో అక్కడ నెమ్మది. నేను నడిపి చూపిస్తే అన్నీ కలిసి ఉప్పుమళ్లలోకి దిగాయి. బావ నవ్వి నవ్వి దగ్గాడు. తర్వాత ఆయనే నడిపాడు. ఒడ్డు నుంచి బయల్దేరి, గట్టు మీదుగా నౌపడ దాకా వెళ్లి, అవతలి దారిన మళ్లీ ఒడ్డుకి, ఎక్కడా తొట్రుపడకుండా. ఆ చుట్టుని కార్లు నేర్చుకున్నాయి.

పోటీ పెట్టి చూస్తే కార్లన్నీ విమానాల్లా వచ్చి అమ్మోరి మలుపులో కాలు తీసేశాయి. రేసు కార్లు, ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా. బావ ముఖం వెలిగిపోయింది. అప్ప మాత్రం, "హారన్ కొట్టనేదేటి?" అంది. హారన్ నేర్పడం కుదరదు, నడక ఒక్కటే నేర్చుకుంటాయి అని చెప్పాను. సగం మర్యాదేనన్న మాట అని సణుక్కుంటూ పోయింది.

రోడ్డుని ఊరికే ఇంటర్నెట్లో పెట్టేశాను. ఎక్కడెక్కడివాళ్లో తిరిగి రాసేవాళ్లు. రోడ్డు బాగుంది గానీ ఆ పసుపు గది దగ్గర అందరూ ఎందుకు తగ్గుతున్నారని చాలామంది అడిగారు. నేను తెలుగు చేసి చదివితే బావ మంచం మీంచే ఒక్కొక్కడికీ జవాబు చెప్పేవాడు. ఆ జవాబుల్లో రాయదగ్గవి మాత్రమే నేను రాసేదాన్ని.

వానలు తగ్గుముఖం పడుతుండగా బావ పోయాడు.

అప్ప కర్మకాండలయ్యాక మళ్లీ గంప ఎత్తుకుంది. ఇప్పుడు ఆటోలో వెళ్లేది. తిరిగొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, నా పక్కన కుర్చీ లాక్కుని, "ఓపాలి పెట్టే" అనేది. నేను ఒక్క బండే ఉంచి, దాన్ని కంప్యూటరుకి వదిలేసి, ఎడమ సీట్లోంచి చూసినట్టు రోడ్డు కనబడేలా ఆటలో చూపు మార్చేదాన్ని. బల్లకి బిగించిన స్టీరింగు తనంతట తనే తిరిగేది. అది బావ తిప్పిన తిప్పుడే. మలుపు దగ్గర బండి నెమ్మదించగానే అప్ప చెయ్యి కళ్ల దాకా వెళ్లి వచ్చేది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

అలా ఉండగా ఆటలు తయారుచేసే విదేశీ కంపెనీ ఒకటి మెయిలు పెట్టింది. మీ రోడ్డు మాకు లైసెన్సు ఇవ్వండి, మా కొత్త ఆటలో పెట్టి అమ్ముతాం అని. ఇస్తే అది వాళ్లదొక్కటే, నేను ఊరికే పంచడం ఆపాలి. అయినా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. బావ నడక లోకమంతా తిరుగుతుందే అనుకున్నాను. అప్ప బజార్లో తనతో చేపలమ్మేవాళ్లందరికీ చెప్పుకుంది.

అప్పట్నుంచి మొదలైంది. గోడ మీద సిమెంటు కంపెనీ పేరు తీసేయాలి, వాళ్ల అనుమతి లేదు కదా. హీరో ఫ్లెక్సీ తీసేయాలి. వేను తీసేయాలి, దాన్ని చేసిన కంపెనీ ఒప్పుకోవాలట. కిళ్లీకొట్టు బోర్డు, టీ పొడి బోర్డు, అన్నీ. పళ్లు నూరుకుంటూ తీశాను. మా రోడ్డు మీద మావి ఏవీ మిగలవేమో అని వాళ్లకి రాసి, పంపకుండా చెరిపేశాను. చివరికి పసుపు గది వంతు వచ్చింది. గుళ్లూ దేవతలూ రేసు ఆటలో ఉంటే గొడవలొస్తాయట. అదీ తీశాను. ఆ చోట గడ్డి మొలిపించాను. పోనీలే, బావ నడక ఉంది కదా అని సర్దుకున్నాను. అప్పకి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు, ఆమెకి రోజూ పాతదే వేసేదాన్ని.

వాళ్ల దగ్గర ఆటని పరీక్షించేవాళ్లుంటారు. వాళ్లు తప్పొకటి పట్టుకున్నారు. ఖాళీ మలుపులో కార్లన్నీ కారణం లేకుండా నెమ్మదిస్తున్నాయి, మళ్లీ ఎవరిచేతనైనా సరిగా నడిపించి పంపండి అని. ఇక దాచలేక, నడిపింది మా బావ, ఆయన ఇప్పుడు లేడు, అక్కడ మా అమ్మోరు ఉండేది అని ఉన్నదంతా రాసేశాను.

రెండో రోజు వాళ్ల ప్రచారం చూసుకునే ఆవిడ వీడియోలో మాట్లాడింది. మంచి మనిషే, నేను చెబుతుంటే కళ్లు తుడుచుకుంది. ఆ నడక మార్చొద్దు, అలాగే ఉంచుదాం, ఆటని జనంలోకి తీసుకెళ్లేదే అది అంది. బావ ఫోటో, ఒడ్డు మీద అప్ప రెండు మాటలు మాట్లాడిన వీడియో కావాలంది. ప్రకటన ఎలా ఉంటుందో రాసి పంపింది. నేను అప్పని కూర్చోబెట్టి తెలుగు చేసి చదివాను. చావు బతుకుల్లో ఉన్న ఒక డ్రైవరు నడిపిన చివరి చుట్టు ఇది, ఆయన శక్తి సన్నగిల్లిన ఆ మలుపులో మీరూ ఒక్క క్షణం నెమ్మదించండి అని ఉంది.

అప్ప అంతా విని, "అమ్మోరి మాట నేదేటి?" అంది.

ఇంక లాభం లేదని కొత్తది తెరిచి చూపించాను. గోడలు తెల్లగా, స్తంభాలు బోడిగా ఉన్నాయి. మలుపు వచ్చింది. గడ్డి పక్కన బండి నెమ్మదించి, మళ్లీ వెళ్లిపోయింది. అప్ప చెయ్యి సగం లేచి ఆగిపోయింది. మరోసారి వెయ్యమంది. వేశాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

ఫోటో ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదంది. ఒడ్డు మీద మాట్లాడమన్నా మాట్లాడతానంది. అమ్మోరిని మళ్లీ పెడతారా అని అడిగింది. పెట్టరని చెప్పాను.

"మీ బావకి ఒంట్లో బాగోనేదు నిజవే. బండి మీద సెయ్యి మాత్రం ఒణకనేదు. ఆయన నెమ్మదించింది అమ్మోరికి. అమ్మోర్ని తీసేసి ఆయన్నొక్కణ్ణీ అక్కడ నెమ్మదింపజేస్తే, సేతకాక తగ్గినాడనే గదే సూసినోళ్లు అనుకుంటారు? మీ బావ సేతకానోడేటే?"

కాదప్పా అన్నాను. బావ చేతకానివాడని లోకమంతటికీ చాటబోయాను, అదీ ఆయన మీద ప్రేమతో.

అప్ప మాటని ఇంగ్లీషులో ఎంత తిప్పి రాసినా అది కుదరలేదు. లైసెన్సు ఇవ్వడం లేదు, క్షమించండి అని రెండు ముక్కలు రాసి పంపాను. ఆవిడ మర్యాదగానే జవాబిచ్చింది. వాళ్ల ఆట మా రోడ్డు లేకుండానే వచ్చింది. మా రోడ్డు పాతది పాతచోటే ఉంది, హీరో ఫ్లెక్సీతో, సిమెంటు గోడతో, పసుపు గదితో. కావలసినవాళ్లు ఇప్పటికీ ఊరికే తీసుకుని తిరుగుతారు.

మెయిలు పంపిన సాయంత్రం అప్ప చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ లాక్కుంది. నేనే పెట్టాను. బండి ఒడ్డు దగ్గర బయల్దేరింది, గట్టెక్కింది, జోరందుకుంది. మలుపు వచ్చింది, అమ్మోరు కనబడింది. బావ కాలు తీశాడు.

అప్ప నా మీదుగా చెయ్యి చాచి, తనంతట తనే తిరుగుతున్న ఆ స్టీరింగు మధ్యలో హారన్ నొక్కింది.