పోస్టింగుల పిల్లలకు అయిదేళ్ల చరిత్ర

పక్క ఫ్లాటులో రంగులు వేస్తున్నారు. ఆ పచ్చి రంగు వాసన తగిలితే చాలు, రాజ్యలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. వెంటనే ఒళ్లు మండుతుంది నాకు. ఆవిడ మీద కాదు లెండి, ఆవిడ మాట కొట్టిపారేసిన పెద్దమనిషి మీద.

తొంభైల్లో ఢిల్లీ కంటోన్మెంటులో ఒక బడిలో నేను కొత్త టీచర్ని. మేడమ్ ప్రైమరీ తరగతులకు పెద్ద, కరీంనగర్ మనిషి. మా పిల్లలంతా సైనికుల పిల్లలు. రెండు మూడేళ్లకోసారి తండ్రికి బదిలీ అవుతుంది, పెట్టెలు సర్దుకుని, పచ్చి రంగు వాసన ఇంకా పోని కొత్త క్వార్టర్లో దిగుతారు. అలాంటి పిల్లలకు ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చరిత్ర ఎలా చెప్పాలో ఆవిడ ఒక వరస ఆలోచించి పెట్టారు. ఒకటో తరగతిలో రాజుల ఊసే లేదు. తమ క్వార్టర్లో తమకంటే ముందు ఎవరుండేవారో పిల్లలు కనుక్కోవాలి, అదే పాఠం. రెండులో వీధి, మూడులో ఢిల్లీ, ఆ తర్వాతే కోటలూ రాజులూ.

పిల్లలు ఎగబడి వెతికారు. తెలుగు హవల్దారు కూతురొకతి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, మా ఇంట్లో ముందు ఒక దీదీ ఉండేది. నాకంటే పొడుగు, పక్కా!"

"ఎట్ల తెలిసింది బిడ్డా?"

"ద్వారబంధం మీద ఎత్తు కొలిచి చాకుతో గీసిన గీతలున్నాయి, పక్కన అమ్మాయి పేరు కూడా ఉంది. పైన రంగేసినా కనిపిస్తున్నాయి!"

"గదే సాక్ష్యమంటే," అని మేడమ్ మురిసిపోయారు.

ప్రిన్సిపాల్‌కు ఇది గిట్టలేదు. మీటింగులో అందరి ముందూ హిందీలో దులిపేశాడు. "రెండేళ్లలో వెళ్లిపోయే పిల్లలకు అయిదేళ్ల ప్లానా? రాజుల పేర్లు బట్టీ పట్టించండి, ఏ ఊరెళ్లినా మార్కులొస్తాయి."

"వెళ్లిపోయే పిల్లలకే ఇది కావాలి సార్," అన్నారు మేడమ్, ఆ హిందీలోనే. "సగంలో వెళ్లినా, నేర్చుకున్న ఆ సగం వాళ్లతోనే వెళ్తుంది."

"అచ్ఛా, ఠీక్ హై," అని నవ్వి ప్లాను పక్కన పడేశాడు. ఏం నవ్వండీ అది!

బయటికొచ్చాక, పోనివ్వండి మేడమ్ అన్నాను.

"ఎట్ల పోనియ్యాలమ్మా? ఆరేండ్ల పిల్లలకు ఇల్లు పోతది, దోస్తులు పోతరు. చేతిల పేర్ల బట్టీ పెట్టి పంపుదమా?" అన్నారు.

ఆ ఏడే మేడమ్ రిటైరయ్యారు. ఒకటో తరగతి నాకు అప్పగించి, రాజుల పేర్లు మొదలుపెట్టమన్నాడు ప్రిన్సిపాల్. పెట్టలేదు. మెమో ఇచ్చాడు, ఇచ్చుకోనీ అనుకున్నాను. తర్వాత బడులు మారాను, జుట్టు నెరిసింది. ఇవాళ్టికీ ఒకటో తరగతిలో నా నోట ఒక్క రాజు పేరు రాదు.