నూటికి నూరు హాజరు

కరోనా తగ్గి కాలేజీ తెరిచేసరికి నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉయ్యూరు నుంచి బస్సులో బెజవాడ వెళ్లి చదువుకునేదాన్ని. తెరిచిన రెండు వారాలకే పరీక్షలన్నారు. నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. "సిగ్నల్ లేని ఊళ్లవాళ్లకీ, సిటీవాళ్లకీ ఒకేసారి పరీక్ష ఎలా పెడతారు? ఇదేం న్యాయం?" అని క్లాసులో ఉపన్యాసమిచ్చి, పదిమందిని వెంటేసుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "నువ్వన్నది నిజమేనమ్మా. సిగ్నల్ అందక క్లాసులు పోయినవాళ్లకి నెల తర్వాత పెడదాం" అన్నారు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. నేను పెద్ద నాయకురాలిలా తలెత్తి నిలబడ్డాను.

ఆయన కంప్యూటర్లో మా ఆన్‌లైన్ హాజరు తెరిచి పేర్లు రాసుకోసాగారు. నా పేరు దగ్గర ఆగారు.

"నీకేం ఇబ్బందమ్మా? ఒక్క క్లాసు కూడా పోలేదు. మధ్యలో ఒక్కసారి కూడా లైన్ తెగలేదు."

మా ఇంట్లో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేది. రోజూ పొద్దున్నే క్లాసులో చేరిపోయి, ఫోను దిండు పక్కన పెట్టి, మళ్లీ ముసుగుతన్ని పడుకునేదాన్నని ఆయనకెలా చెప్పను?

"చూశారా, తనకి అవసరం లేకపోయినా మీకోసం వచ్చింది" అన్నారాయన మిగతావాళ్లతో.

"అవునండి" అన్నాను.

వాళ్లంతా నెల రోజులు చదువుకుని రాసి పాసయ్యారు. నేను ముందు చెప్పిన తేదీలకే రాసి రెండు సబ్జెక్టులు తప్పాను. అడిగిన న్యాయం అడిగినట్టే జరిగింది మరి. ఆ పదిమందీ ఇప్పటికీ నన్ను త్యాగమూర్తి అనే పిలుస్తారు, ఈ పేజీ వాళ్ల కంటబడేదాకా.