నిచ్చెనెక్కిన అత్తగారు

కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు ముందుగా ముక్కుకి తగిలింది టర్పెంటైన్ వాసన. ముందుగదిలో సగం రాసిన బోర్డులు గోడకి చేరబడి ఉన్నాయి. వాటి మధ్య నిలబడ్డ అత్తగారు, మోచేతుల దాకా నీలం రంగుతో, "రా అమ్మాయ్, తలుపుకి మాత్రం ఆనుకోకు, ఇంకా ఆరలేదు" అంది. పలకరింపూ అదే, దీవెనా అదే.

ఊరంతా ఆవిడని బోర్డులమ్మ అనేది. ఆ పేరెలా వచ్చిందో కోడలికి ముక్కలుముక్కలుగా తెలిసింది, కొంత మామగారి నోట, కొంత వీధివాళ్ళ నోట.

అసలు బోర్డులు రాసింది మామగారే. ఆవిడ రంగులు కలిపేది, కుంచెలు కడిగేది, ముగ్గురు పిల్లల వెనక పరుగులు పెట్టేది. ఒకసారి నిచ్చెన జారి ఆయన కింద పడ్డాడు. కుడి మణికట్టు అతుక్కుంది గానీ వేళ్ళకి పట్టు రాలేదు. కుంచె పడితే గీత పాములా మెలికలు తిరిగేది. ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవని రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆవిడ నిచ్చెన భుజానేసుకుని వెళ్ళి, సగంలో ఆగిన మంగలి షాపు బోర్డు పూర్తిచేసి వచ్చింది. ఆవిడకి చదువు రాదు. ఆయన ముందే సుద్దతో గీసి ఉంచిన అక్షరాల్ని బొమ్మలనుకుని రంగు నింపింది.

ఆయన మెచ్చుకోలేదు సరికదా, మండిపడ్డాడు.

"నా కుంచె ముట్టుకోడానికి నీకెంత ధైర్యం?"

"మీరు పట్టుకోగలిగితే నాకెందుకండీ ఆ కుంచె?"

ఆ మాట సూదిలా దిగింది. చాలా రోజులు ఆయన మూతి ముడుచుకునే తిరిగాడు. ఆవిడ మాత్రం పాత బోర్డులు చూసి అక్షరాలు దించుకుంటూ పని సాగించింది. చివరికి పిండిమర బోర్డు రాస్తుంటే ఆయనే వచ్చి కింద నిలబడ్డాడు. కాసేపు ఓర్చుకున్నాడు, ఇక ఉండబట్టలేక అరిచాడు.

"ఆ గుడి కాస్త గుండ్రంగా తిప్పవే!"

ఆవిడ నిచ్చెన మీంచి నాలుగు వైపులా చూసింది. "ఇక్కడ గుడెక్కడుందండీ?"

"అక్షరం నెత్తిన! నెత్తిన పెట్టేదాన్ని గుడి అంటారు!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పిండిమర యజమాని బయటికొచ్చి, ఏం జరిగిందో తెలియక తనూ నవ్వాడు. అప్పట్నుంచి ఆయన కింద, ఆవిడ పైన. ఆవిడకి అక్షరాలొచ్చింది నిచ్చెన మీదే.

అన్నీ రాకముందే ఒక తమాషా జరిగింది. కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు బోర్డు రాయమన్నాడు. ఆ రోజు మామగారికి జ్వరం. పళ్ళు అనగానే ఆవిడ ఉత్సాహంగా అక్షరాల పక్కన ద్రాక్షగుత్తీ, రెండు అరటిపళ్ళూ వేసేసింది.

డాక్టరు లబోదిబోమన్నాడు. "ఏమ్మా, ఇదేమన్నా పళ్ళ కొట్టా?"

"మీరేగా బాబూ పళ్ళన్నారు!" అని, విషయం అర్థమయ్యాక నాలిక్కరుచుకుని, చెరపడానికి గుడ్డ తీసింది. అంతలో బుగ్గ వాచిన ఒక చిన్నపిల్ల, తల్లి చేయి లాగుతూ ఏడుస్తున్నదల్లా, ద్రాక్షగుత్తిని చూసి ఏడుపాపి, మెట్లెక్కి లోపలికెళ్ళింది. డాక్టరు మెత్తబడ్డాడు. "ఉండనీ తల్లీ, ఒక పన్ను బొమ్మ కూడా వెయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఊళ్ళో ప్రతి కొట్టువాడికీ బొమ్మ కావాల్సొచ్చింది.

కోడలు వచ్చేనాటికి ఆవిడ చేతిరాత ఆ వీధుల నిండా ఉంది. మామగారు పోయిన కొన్నేళ్ళకి యంత్రాలు అచ్చువేసే బోర్డులొచ్చాయి. ఆవిడ బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. "ఇంక విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు కొడుకు.

"ఎందుకురా, తుప్పు పట్టడానికా?" అంది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి దగ్గరికి వెళ్ళి, ఎవరూ కొనని పాత బీరువా ఒకటి బండి మీద వేయించుకుని వచ్చింది. దాని తలుపుల మీద తీగెలు, ఆకులు, తోకలెత్తిన పక్షులు వేసింది. కోడలు దాన్ని వాకిట్లో పెడితే సాయంత్రానికే అడిగినవాళ్ళున్నారు. తర్వాత ఉయ్యాలలు, కుర్చీలు, పెట్టెలు వచ్చాయి. అత్తా కోడళ్ళు ఎదురెదురుగా కూచుని, ఒకరు రంగు, ఒకరు వార్నిషు. కోడలి గీత వంకరపోతే ఆవిడ తిట్టేది కాదు. "అది కొమ్మైపోయిందిలే, దానికో ఆకు వెయ్యి" అనేది.

ఒక మధ్యాహ్నం భోంచేసి, నడుం వాల్చి, ఆవిడ ఇక లేవలేదు. వచ్చిన జనం వీధిలో పట్టలేదు. పళ్ళ డాక్టరు, ముసలివాడైపోయి, కర్ర ఊతంతో వచ్చి చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఒక బీరువా ఒక తలుపు మీద నిండుగా, రెండో తలుపు మీద ఖాళీగా మిగిలింది. దాన్ని కొనడానికొచ్చిన ఆయన, "అలాగే ఇచ్చెయ్యండమ్మా, ఫర్వాలేదు" అన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూ, రంగు కలుపుకుంటూ, రెండో తలుపు తనే నింపింది. ఆమె పక్షులు కాస్త లావుగా వచ్చాయి. ఆయన రెండు తలుపులూ మార్చిమార్చి చూసి, బీరువాని బండెక్కించుకుని వెళ్ళాడు. మర్నాడు కోడలు వడ్రంగికి ఇంకో బీరువా పంపమని కబురు పెట్టింది.