పక్క సీటు ప్రీమియం

ఆత్మకూరు ఇన్సూరెన్స్ ఆఫీసులో నేను చేరేనాటికి మా చేతిమీదుగా పోయేవి పశువులు, ఆయిల్ ఇంజన్లు, లారీలు. నేను డిగ్రీలో చదివిన ఫిజిక్సు వీటిలో దేనికీ అడ్డు రాలేదు. డెబ్భైల చివర్లో ఒక పొద్దున, ఉదయగిరి పక్క పల్లెలో ఉండే మా దూరపు మామ జీపు దిగి నా బల్ల ముందు కూర్చున్నాడు. రోడ్డు కాంట్రాక్టులు చేసే మనిషి.

"విమానం కొన్నా అబ్బయా. ఇన్సూరెన్సు చెయ్యి."

మా మేనేజరు తాగుతున్న టీ కింద పెట్టాడు. ఆయన టీ సగంలో ఆపడం నేను చూసింది అదొక్కసారే.

మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో మామ విమానం తోలడం నేర్చుకుంటున్నానని రెండేళ్ళుగా చుట్టాలందరికీ చెబుతూనే ఉన్నాడు. కాంట్రాక్టర్లు మద్రాసు ఎందుకు పోతారో చుట్టాల అభిప్రాయాలు చుట్టాలకున్నాయి గనక ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు క్లబ్బువాళ్ళ పాత రెండు సీట్ల విమానాన్ని నలభై వేలకు కొన్నాడు. పల్లె బయట సజ్జ చేను చదును చేయించాడు. ఢిల్లీ నుంచి కాగితాలు కూడా వచ్చాయి. ఇన్సూరెన్సు ఒక్కటే తక్కువ. అది లేనిదే ఊరికి తెచ్చేదానికి లేదు.

విమానం ఫారం మా బీరువాలో లేదు. మద్రాసు నుంచి తెప్పించాం. ఎనిమిది పేజీలు. మామ చెబుతుంటే నేను రాశాను.

"విమానం విలువ?"

"ఎనభై వేలు."

"నలభైకే గదా మామా కొన్నావు?"

"నలభై అని రాస్తే వాళ్ళు మనల్ని ఏమనుకుంటారు?"

మా వైపు ఒక పద్ధతి ఉంది. సర్కారుకు రాసేటప్పుడు మాగాణి కూడా బీడే. చుట్టాలకు చెప్పేటప్పుడు బీడు కూడా మాగాణే. ఎదురుగా కూర్చున్నది నేను గనక మామ ఆ ఫారాన్ని చుట్టాల లెక్కలో వేసుకున్నాడు.

"ఎవరెవరు తోలుతారు?"

"నేను. నేర్చుకుంటే మా తమ్ముడు."

"ఎవరిని ఎక్కిస్తారు?"

"అడిగినోళ్ళందర్నీ. కాదంటామా?"

ఒక్కొక్క జవాబుకూ రేటు పెరుగుతుందని నాకు తెలుసు. కానీ ఆ ఏడు నా టార్గెట్టు పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. కలం ఆపలేదు.

మూడు వారాలకు జవాబొచ్చింది. మేనేజరు చదివి నా చేతికిచ్చాడు. ఏడాదికి పన్నెండు వేల చిల్లర. నాకప్పుడు నెలకు ఆరువందలు. నేను ఇరవై నెలలు అన్నం మానేస్తే మామ ఒక ఏడాది ఎగరొచ్చు.

మామ కాగితాన్ని దూరంగా పెట్టుకుని చదివాడు, దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఇది కట్టేదానికా, కొనేదానికా?"

"కట్టేదానికే మామా. ప్రతి ఏడూ."

"నాలుగేళ్ళు కడితే ఇంకో విమానం వస్తాది గదరా!"

ఫారంలో రాసిన ఎనభై వేల ప్రకారం లెక్క తప్పయినా, ఆయన కొన్న ధర ప్రకారం అది తప్పు కాదు. విలువ తగ్గించి ఇంకో ఫారం రాద్దామన్నాను. ఒప్పుకోలేదు. ఎనభై అని సంతకం పెట్టిన మనిషి నలభైకి దిగితే మద్రాసులో తలెత్తుకుని తిరగలేడట.

అప్పుడు ఆయన వేలు కాగితం కింది వరసల్లో ఆగింది.

"ఇదేంది, నూట ఎనభై?"

"అది పక్క సీటు మామా. అందులో కూర్చున్న మనిషికి ఏమన్నా అయితే ఇచ్చేదానికి."

"ఏడాదికంతా?"

"ఏడాదికంతా."

మామ ఒంగోలు కోడెకు కట్టేది అంతకన్నా నలభై రూపాయలు ఎక్కువ. ఆ పాలసీ కూడా నేనే రాశాను. పన్నెండు వేలల్లో దాదాపు అంతా విమానం ఇనుముకూ, రెక్కల మీది గుడ్డకూ. మనుషుల దగ్గరికొచ్చేసరికి కంపెనీ చాలా అగ్గువగా సర్దుకుంది.

"మనిషి ఇంత చవకా?" అన్నాడు. జవాబు కోసం అడిగినట్టు లేదు.

జవాబుకు బదులు నేనొక సలహా ఇచ్చాను. చట్టం అడిగేది కింద ఉండే జనం గురించీ, పక్కన కూర్చునే మనిషి గురించీ. విమానం మాట దానికి అక్కర్లేదు. విమానం వరస కొట్టేస్తే మొత్తం వెయ్యి లోపలే.

"జాగ్రత్తగా తోలితే దానికేం అవుతాది మామా?"

కొట్టేశాం.

విమానం దిగిన రోజు ఉదయగిరిలో అంగళ్ళు మూసేశారు. చేను చుట్టూ నిలబడిన జనంలో ప్రతివాడూ మామకు చుట్టమే. అడిగిన వాళ్ళందర్నీ ఎక్కించాడు. పది నెలలు అట్లాగే గడిచాయి. ఆయన జాగ్రత్తగానే తోలాడు.

జరిగింది గాల్లో కాదు. విమానం రెక్కలకు గుడ్డ కప్పి, దానిమీద వార్నీషు లాంటి పూత పూస్తారు. ఆ పూత రుచి ఎట్లా ఉంటుందో ఎనిమిది పేజీల ఫారంలో ఎక్కడా అడగలేదు. వానల్లేని ఆ ఏడు మర్రిపాడు వైపు నుంచి మేపుకు వచ్చిన మందలో ఒక ఆవు కనిపెట్టింది. కాపలా మనిషి అన్నం తినొచ్చేసరికి ఎడమ రెక్క సగం లేదు. ఎముకల్లాగా లోపలి కొయ్యలు కనిపిస్తున్నాయి.

నేను వెళ్ళేసరికి ఆవు యజమాని మామ ముందు నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగడానికి వచ్చాడనుకున్నాను.

"మీ విమానం తిని నా ఆవు కడుపుబ్బరించింది రెడ్డీ. దాన్నట్లా బయట పెడితే ఎట్లా?"

మామ నా వైపు చూశాడు. రెక్కకు ఎటూ పైసా రాదు, ఆవుకన్నా వస్తుందేమోనని నేను మేనేజరుకు రాశాను, ఆయన మద్రాసుకు రాశాడు. ప్రమాద సమయంలో విమానం గాల్లో ఉందా అని వాళ్ళు అడిగారు. లేదు, ఆవు కూడా లేదు అని రాయబోతే మేనేజరు కాగితం లాక్కున్నాడు. పశువుల డాక్టరు ఖర్చు చివరికి మామే ఇచ్చాడు. ఆవు బతికింది.

మద్రాసు ఇంజనీరు వచ్చి వారం రోజులుండి రెక్కకు కొత్త గుడ్డ కప్పాడు. అయిన ఖర్చు మామ నాకు చెప్పలేదు. చేనికి చుట్టూ కంచె వేసి, ఈసారి విమానానికి కూడా ఇన్సూరెన్సు కావాలన్నాడు. ఇంతకుముందు నష్టం ఏమైనా జరిగిందా అని అడిగే చోట నిజమే రాయించాడు. ఎనభై మాత్రం తగ్గించలేదు. పద్దెనిమిది వేలని జవాబొచ్చింది.

ఈసారి దూరంగా పెట్టుకుని చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"క్లబ్బోళ్ళు వెనక్కి తీసుకుంటామన్నారు. ఇచ్చేస్తా."

"ఆ వరస కొట్టేయమన్నది నేనే మామా."

"నువ్వు చెప్పకపోయినా కొట్టేసేవాణ్ణిలే. పన్నెండు వేలు నా దగ్గర యాడుండాయి?"

చుట్టాల్లో ఇంకెవరితోనూ ఆ మాట ఆయన అని ఉండడు.

మద్రాసు పోయే రోజు పొద్దున్నే నేనూ చేని దగ్గరికి వెళ్ళాను. ఇంజను తిరుగుతోంది. మామ పక్క సీటు మీద దుమ్ము తుడిచి, రమ్మని చెయ్యి ఊపాడు.

"ఎక్కరా! ఇంతమందిని ఎక్కించినా, నువ్వు ఒక్కసారీ ఎక్కలేదు. పాలసీ ఇంకా పదకొండు దినాలుండాది."

అది నిజమే. తేదీ రాసింది నేనే. ఆ సీటుకు కట్టిన నూట ఎనభై రాసింది కూడా నేనే. ఆఫీసులో పనుందన్నాను. ఆ రోజు ఆదివారం.

మామ తలుపు తనే వేసుకున్నాడు.