నాయనకు చెప్పిన హిందీ సీరియల్

మా నాయన చెవులు మగ్గాల షెడ్డులోనే పోయాయి. కోయంబత్తూరు మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి అది వింతేమీ కాదు. ఆ హోరులో అరిచినా వినపడదు కాబట్టి అక్కడివాళ్ళు గొంతు లేకుండా పెదవులు కదిపేవాళ్ళు, ఎదుటివాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్ళు. మా అమ్మదీ అదే మిల్లు. ఇద్దరూ ఇంట్లోనూ అలాగే మాట్లాడుకునేవాళ్ళు. చిన్నప్పుడు అందరిళ్ళలోనూ అమ్మానాన్నలు అంతేననుకున్నాను.

అమ్మ పోయాక ఇంట్లో ఆ మాటలూ ఆగిపోయాయి. నేను మిల్లు ఆఫీసులో టైపిస్టుని. నాకూ పెదవుల మాట వచ్చు గానీ ఓపిక తక్కువ. ఒక మాట రెండోసారి చెప్పాల్సి వస్తే ముఖం చిట్లించేదాన్ని. అన్నం పెట్టేశాను, తలుపు వేసుకో, రోజుకి ఆ రెండు ముక్కలే. మధ్యాహ్నం ఆఫీసులో మిగతావాళ్ళంతా భోజనానికి ఇళ్ళకు వెళ్ళిపోతే, నేనొక్కదాన్నే మిషను పక్కన టిఫిన్ డబ్బా తెరుచుకునేదాన్ని. ఇంటికొస్తే ఇలా. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాయన పని మానుకున్న ఏడాది మా మిల్లువాళ్ళ లైన్ ఇళ్ళలో మొదటి టీవీ మాకే వచ్చింది. శుక్రవారం తమిళ పాటలకు, ఆదివారం సినిమాకు కాలు పెట్టే చోటుండేది కాదు. మంగళవారం సాయంత్రం మాత్రం ఎవరూ రారు, ఆ రోజు వచ్చేది హిందీ సీరియల్. "చెవిటోని ముందర శంఖం ఊదినట్టు, ఎవురికి అమ్మిణీ ఈ హిందీ?" అని పక్కింటి అత్త ఒకసారి నవ్వి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే కూర్చుని చూశాను.

అది బొంబాయిలో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీ కథ. సబ్బుల బొమ్మలు, మధ్యమధ్య దొర్లే ఇంగ్లీషు మాటలు చూసి అంతవరకు పోల్చుకున్నాను. కంపెనీ నడిపే మనిషి ఒకడు, ప్రకటనలకు మాటలు రాసే అమ్మాయి ఒకతె. ఇద్దరూ రోజూ పోట్లాటే. "ఏమి చెప్తా ఉండారు?" అని నాయన అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు? నాకు హిందీ ముక్క రాదు. తెలియదంటే చిన్నతనం. అందుకని నోటికొచ్చింది చెప్పాను. వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళన్నాను. అంతగా పోట్లాడుకునేవాళ్ళు ఇంకేమవుతారు?

అప్పట్నుంచి ప్రతి మంగళవారం అదే తంతు. నాయన లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. స్టూలు టీవీకి ఎదురుగా కాక, పక్కగా, నా వైపు వేసుకునేవాడు. బొమ్మ నేరుగా చూస్తే కళ్ళు నొప్పులేమో అనుకున్నాను. నేను టీవీ మీద కన్ను వేసి, పెదవులతో కథ అల్లుకుంటూ పోయేదాన్ని. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు కదా, చేతిలో సరుకు అయిపోయినప్పుడల్లా నా సంగతులే ఆ అమ్మాయికి తగిలించాను. ఆ పిల్లకు ఆఫీసులో మాట్లాడే దిక్కు లేదన్నాను. మధ్యాహ్నం ఒంటిగా తింటుందన్నాను. టీవీలో ఆ పిల్ల తిన్న పాపాన పోలేదు.

పన్నెండు వారాలు ఇలా నెట్టుకొచ్చాను. పదమూడో వారం కథ ముగింపు. తెర మీద పందిరి, పూలు, చుట్టాలు. చూస్తుండగానే నా అన్నాచెల్లెళ్ళు ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు.

ఇంతకాలం కళ్ళప్పగించి చూసిన మనిషి, కూతురు ఎంత అబద్ధాలకోరో ఇప్పుడు కనిపెట్టేస్తాడు. ఇక ఆ మంగళవారాలూ ఉండవు. సిగ్గు, దాని వెనకే కోపం. నాయన మోచేత్తో పొడిచాడు. నేను మొహం అటు తిప్పేసుకున్నాను. చివరి పావుగంట పెదవి కదపలేదు.

సీరియల్ అయిపోయింది. టీవీ కట్టేశాను. నాయన కదల్లేదు.

"ఏల నిలిపితివి అమ్మిణీ? అన్నాచెల్లి సంగతి ఏమాయె?" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఆయన వైపు తిరిగి, "నేను చెప్పిందంతా పొయ్యి నాయనా," అన్నాను, మా ఇళ్ళలో అబద్ధానికి వాడే తమిళ మాటతోనే. "నాకు హిందీ ఏడ వచ్చును? నువ్వూ చూస్తివే, వాళ్ళకి కల్యాణమే అయిపోయె."

నాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"కల్యాణమా? నేనేడ చూస్తిని? నీ నోరు చూసేదా, టీవీ చూసేదా?"

అప్పుడు స్టూలు చూశాను. అది పక్కకు తిరిగి ఉంది, నా కుర్చీకి ఎదురుగా. పెదవుల మాట పట్టాలంటే కన్ను ముఖం మీదనుంచి తీయకూడదు. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన సంగతే, నాకు తట్టనేలేదు. పన్నెండు మంగళవారాలు నాయన నన్నే చూశాడు. ఈ రోజు పావుగంట సేపు నా చెంప చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆయన గొంతు లేకుండా, అమ్మతో మాట్లాడినట్టు పెదవులు మాత్రం కదిపాడు.

"ఆ పిల్ల ఇంకా మధ్యానం ఒంటిగానే తింటా ఉండాదా?"

"ఊఁ, నాయనా," అన్నాను.