దారిలోంచి నేను తీసేసిన పల్లె

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని నేను పదిమంది ముందు నిలబడి, తడబడకుండా చెప్పాను. కాబట్టి ఏ ఒక్కరి చెవిలోనో చెప్పుకుంటే అది తీరదు. రాసి పదిమంది ముందు పెట్టవలసిందే. ఈ రాతకు కారణం అదే. మొన్న ఉదయం వచ్చిన ఒక ఫోనుతో మొదలైన ఉత్సాహం నన్ను ఇంకా వదలలేదు. తప్పు ఒప్పుకునేవాడికి ఉత్సాహమేమిటి? నన్ను నేనూ అదే అడుగుతున్నాను.

నేను పెనుకొండలో గణితం, ఆ తరువాత కంప్యూటర్ పాఠాలు చెప్పి, హిందూపురంలో స్థిరపడినవాణ్ణి. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని గుమ్మం దగ్గరే నిలబెట్టేవాణ్ణి. వరుస తప్పిన దేన్ని చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. ఇది గొప్పగా చెప్పడం లేదు. జరిగినదానికి వేరు ఇక్కడే ఉంది.

పట్టుగూళ్ళు పండించే రైతుల సంఘం ఒకటి నన్ను సాయమడిగింది. పల్లెల్లో పట్టుపురుగులు కట్టిన గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు చేరాలి. దారం తీసేవాళ్ళు అక్కడ కొంటారు. ఆ దారం ధర్మవరం మగ్గాలకు పోతుంది. ఈ గొలుసు మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఆగితే లోపలి పురుగు సీతాకోకలాంటి చిలుకగా మారి, గూటిని చిల్లు చేసుకొని బయటికి వచ్చేస్తుంది. చిల్లుపడిన గూటినుంచి తెగని దారం రాదు, దాన్ని కొనేవాళ్ళు ఉండరు. సంఘానికి ఉన్నది ఒకే బండి. అది ఏ రోజు ఏ పల్లెకు పోవాలో చెప్పే ప్రోగ్రాము రాయడం నా పని.

ఎంత సంబరపడ్డానో చెప్పలేను! పల్లెలు చుక్కలయ్యాయి, దారులు గీతలయ్యాయి, బండి ఆ గీతల మీద నేను చెప్పినట్టే తిరిగింది. అయితే కొన్ని పల్లెలు నా లెక్కకు లొంగలేదు. వానపడి మల్బరీ ఆకు చేతికొస్తే పురుగులు పెంచేవారు, లేకుంటే గొర్రెల వెంట పోయేవారు. వాళ్ళ అంకెలు ఒకసారి ఎగిరేవి, ఒకసారి మాయమయ్యేవి. వాటివల్ల నా గీత వంకరపోయేది. అందుకని ఒక నియమం రాశాను: మిగిలినవాటితో పొసగని పల్లెను లెక్కలోంచి తీసేయాలి. గీత చక్కబడింది. అందరూ మెచ్చుకున్నారు. తీసేసిన పల్లెలకు బండి ఎలా పోతుందన్న ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. పిమ్మట చూద్దామనుకున్నాను.

బండి నడిపేవాడు వన్నూరప్ప, ధర్మవరం మనిషి. ఒకరోజు ఉదయం ఫోనులో వచ్చిన దారి చూసుకొని నా దగ్గరికి వచ్చాడు.

“సార్, చిలమత్తూరు పక్క పల్లె ఈ తూరి గూడా రాలేదే? ఆడ గంగమ్మక్క గూళ్ళు తట్టల్లోంచి ఇడిపించి పెట్టుకోనుండాది. ఒకటే ఫోన్లు చేస్తాంది.”

“ఫోనులో వచ్చిన దారిలో పో.”

“కంప్యూటరుకేం సార్, దానికి గంగమ్మక్క యాడ తెలుస్తాది! తెలిసింటే ఆయమ్మ నోటికి భయపడి ముందు ఆడికే పొమ్మనేది.” నవ్వాడు. “ఒక సుట్టు పోయొస్తా సార్.”

“బండి సంఘానిది. నీ సొంత పెత్తనం వద్దు. పోవద్దంటే పోవద్దు.”

అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు గంగమ్మ సంఘం సమావేశానికి బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చింది. బల్ల మీద కుమ్మరించింది. అన్నీ చిల్లుగూళ్ళే. రెండు తెల్లని చిలుకలు బల్ల మీద రెక్కలు కొట్టుకుంటూ తిరిగాయి. అందరూ నావైపు చూశారు. ఆ ఉదయమే ప్రోగ్రాము తెరిచి చూసి వచ్చాను. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. తెలిసీ లేచి నిలబడి అన్నాను: “ఆ పల్లెకు పోయి రమ్మని వన్నూరప్పకు నోటితో చెప్పాను. అతను పోలేదు.”

“సార్, మీరే కదా వద్దంటిరి?” అన్నాడు వన్నూరప్ప.

“నేను అలా అనలేదు.”

అతను జేబులోంచి బండి తాళాలు తీశాడు. “సరే సార్. సదువుకున్నోళ్ళు, మీకు జ్ఞాపకం ఉంటాది” అని తాళాలు బల్ల మీద పెట్టాడు. ఆ రోజుతో అతని పని పోయింది. నా మాటను ఎవరూ అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తారు? జీవితమంతా నిక్కచ్చి మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరును ఒక్కసారి ఇలా వాడుకున్నాను.

తరువాత ఆ నియమాన్ని సరిచేశానా? ఆ ఒక్క పల్లెను మాత్రం చేత్తో చేర్చాను. నియమాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే తప్పు దానిదని నాకు నేను ఒప్పుకున్నట్టవుతుంది.

అది అక్కడితో ఆగలేదు. నా పూర్వ విద్యార్థిని సుహాసిని బెంగళూరులో మెదడు చిత్రాల మీద పరిశోధన చేసే బృందంలో ఉంది. స్కానింగులో వచ్చిన వేల చిత్రాలను వేరుచేసే ప్రోగ్రాము కావాలని అడిగింది. పాతదాంట్లో లెక్కలు వేరుచేసే భాగమే తీసి ఇచ్చాను. పల్లె అని ఉన్నచోట రోగి అని మార్చాను. అంతే. ఆ నియమం ఎక్కడున్నది అక్కడే ఉంది.

మొన్న ఉదయం ఆమె ఫోను. “సార్! దొరికింది సార్!” పెనుకొండ తరగతి గదిలో ఇంత గట్టిగా మాట్లాడి ఉంటే బయట నిలబెట్టేవాణ్ణి. వాళ్ళు వెతుకుతున్నది వణుకు జబ్బు తొలి జాడ. వణికేవాళ్ళ తల యంత్రంలో కదులుతుంది, చిత్రం మసకబారుతుంది, మిగిలినవాటితో పొసగదు. నా నియమం వాటిని తీసేస్తూ వచ్చింది. ఆమె తీసేసినవాటిని వెనక్కి తెచ్చి, కదలికను సరిదిద్ది చూసిందట. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్నచోట ఒక తేడా కనిపించిందట.

“మనం పారేసినోళ్ళే సార్, మనకు కావలసినోళ్ళు!”

ఆ చిత్రాలు పంపింది. చూస్తూ కూర్చోలేక లేచి వసారాలో పచార్లు చేశాను. ఇంకా ఎన్నో పరీక్షలు కావాలి, నిజమే. అయినా ఇన్నేళ్ళలో నాకు అంత ఆనందం కలగలేదు. ఇంతలో ఆమె మళ్ళీ ఫోను చేసి అన్నమాటతో నడక ఆపాను. అన్ని చిత్రాలు పనికిరాకుండా పోయింది రోగులను కదలకుండా పడుకోబెట్టడం చేతకాకేనని, యంత్రం నడిపే ఆపరేటరును మాన్పించబోతున్నారట.

“ఆ నియమం నాది. లోపం నాది. నా పేరుతో రాసివ్వు. ఆయనను ఏమీ అనవద్దని చెప్పు” అన్నాను. ఈ నాలుగు మాటలు ఇంత సులువుగా ఎలా వచ్చాయి? ఆనాడెందుకు రాలేదు? ఆనాడు చూసేవాళ్ళు ఎదురుగా ఉన్నారనా? ఈనాడు సంతోషం కమ్మి, భయపడడం మరిచిపోయాననా? నాకు తెలియదు. ఆపరేటరు ఉద్యోగం నిలిచిందని సాయంత్రం తెలిసింది.

నిన్న రైలెక్కి ధర్మవరం వెళ్ళాను. పెనుకొండ దాటేదాకా చెప్పవలసినవి వరుసగా పేర్చుకున్నాను. వన్నూరప్ప ఇప్పుడు ఆటోలో మగ్గాలకు దారం మూటలు చేరవేస్తున్నాడు. పేర్చుకున్నవేవీ రాలేదు. “నేనే వద్దన్నాను వన్నూరప్పా, అబద్ధమాడాను” అన్నాను. ఆయన చేతిలో ఉన్న మూట దించలేదు.

“నాకెందుకు సార్ చెప్తాండారు, నాకు తెలుసు కదా? ఆ పొద్దు అందరి ముందర అంటిరి. ఇదిగూడా అందరి ముందరే చెప్పండి. నా పేరు దాసిపెట్టొద్దండి. ఆ పొద్దు దాసినారా?”

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు. టీ తాగమని కూడా అనలేదు, మూట మోసుకొని లోపలికి వెళ్ళిపోయాడు.

అందుకే ఆయన పేరు రాశాను. నేనెవరో సంఘంవారికి రెండో పేరాతోనే తెలిసి ఉంటుంది, వారికి ఈ ప్రతి పంపుతున్నాను. గంగమ్మ కష్టం ఆ చిలుకలతో ఎగిరిపోయింది, దాన్ని ఈ రాత తిరిగి తేలేదు. అయినా రాసేశాను. గుండె మీద బరువు దించినట్టుంది.

చదివేవారికి ఒక విన్నపం. నా ప్రోగ్రామును విద్యార్థులు ఎందరో తీసుకువెళ్ళారు. అది ఎక్కడెక్కడ పనిచేస్తోందో నాకు తెలియదు. మీ పల్లెకు రావలసిన బండి రాకపోతే డ్రైవరును తిట్టకముందు, దారి వేసినవాణ్ణి పిలిచి అడగండి. ఆ నియమం కనబడితే కొట్టివేయండి. ఈ రాతలోనూ తప్పులుంటాయి. తాళాలు బల్ల మీద పెట్టాడని రాశాను. నా చేతికే ఇచ్చాడేమో, ఇప్పుడు రూఢిగా చెప్పలేను. నా జ్ఞాపకాన్ని నమ్మకండి. వన్నూరప్పను అడిగి దిద్దండి.