రచయితతో తగువు పెట్టుకున్న అమ్మాయి

2024 ఫిబ్రవరి. సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్‌లోనే ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మా పై అంతస్తులో గది అద్దెకు తీసుకుని ఉంటున్న చైనా ఆవిడ ఒక సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడకు వన్-నార్త్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. కూతురు యున్ చైనాలో అమ్మమ్మ దగ్గర ఉండి పన్నెండో తరగతి చదువుతోంది. రెండు వారాల సెలవులకు వచ్చింది. జూన్‌లో గావ్‌కావ్, అంటే అక్కడి కాలేజీ ప్రవేశపరీక్ష. ఓడల ఇంజనీరింగ్ చదవాలని పిల్ల కోరిక. లెక్కలూ ఫిజిక్సూ బ్రహ్మాండం. ఇంగ్లిష్ మాత్రం నూటయాభైకి ఎనభై ఎనిమిది. నూటపది దాటకపోతే సీటు రాదు, ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోవాలి.

మొదటి అయిదు రోజులూ అందరు టీచర్లూ చేసే పనే చేశాను. రీడింగ్ కాంప్రహెన్షన్ అంటే ఒక వ్యాసం చదివి, కింద ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకోవడం. లిజనింగ్ కూడా అంతే. కాకపోతే సంభాషణ వినాలి, చిన్నవైతే ఒక్కసారే వినిపిస్తారు. పదాలు బట్టీ పట్టించాను, గడియారం పెట్టి చదివించాను. ఆరో రోజు నమూనా పరీక్షలో ఎనభై నాలుగు వచ్చాయి.

వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడి, "టీచర్, మీరు సరిగ్గా తిట్టడం లేదు" అంది. తిట్టడంలో నన్ను తక్కువ చేసిన మనిషి లోకంలో ఆవిడొక్కతే.

ఆ ఉక్రోషంతోనే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పేపరు తీశాను. ఉద్యోగం మానేసి సైకిల్ మీద దేశం చుట్టిన కుర్రవాడి కథ అది. రచయిత దృష్టిలో అతను ఎలాంటివాడని ప్రశ్న. సరైన జవాబు 'ధైర్యవంతుడు'. యున్ 'బాధ్యత లేనివాడు' దగ్గర టిక్ పెట్టింది.

"ఇది ఎందుకు పెట్టావు?" ఆరు రోజుల్లో ఆ మాట అడగడం అదే మొదలు.

"వాళ్లమ్మకి ఆర్నెల్లు ఫోన్ చెయ్యలేదు టీచర్."

"అది తప్పని రచయిత అన్నాడా?"

"ఆయన అనలేదు. నేనంటున్నాను."

"మరి లిజనింగ్‌లో నాలుగో ప్రశ్న ఖాళీగా వదిలేశావేం?"

"మూడో దాంట్లో ఒకాయన, ఇంటికి రంగులు వేసుకోవాలి, స్నేహితుడి పెళ్లికి రానన్నాడు. గోడ ముఖ్యమా, పెళ్లి ముఖ్యమా అనుకుంటూ ఉంటే నాలుగోది అయిపోయింది."

పక్కగదిలోంచి మా అమ్మాయి తన సింగపూర్ ఇంగ్లిష్‌లో అరిచింది: "అమ్మా, సేమ్ లైక్ యూ లా!"

అర్థం కాని దాని మీద ఎవరికీ అంత కోపం రాదు. ఈ పిల్లకు ఇంగ్లిష్ ప్రతి ముక్కా అర్థమవుతోంది, నేనే అయిదు రోజులు పదాలు రుబ్బించాను.

నోరు మూసుకుని రాయమని చెప్పొచ్చు. ఆ మాట నాకు చెప్పి ఎవరూ నెగ్గలేదు కాబట్టి వేరే దారి వెతికాను. రీడింగ్‌లో తన అభిప్రాయం పెన్సిల్‌తో మార్జిన్‌లో రాయాలి, రచయిత అభిప్రాయానికి టిక్ పెట్టాలి. లిజనింగ్ పూర్తయ్యేదాకా వాదన బంద్. అయ్యాక పది నిమిషాలు నాతో ఎంతైనా పోట్లాడొచ్చు. నేను రంగులాయన పక్షం తీసుకున్నాను.

"డబ్బా మూత తీశాక రంగు ఎండిపోతుందమ్మా. పెళ్లికొడుకు ఎండిపోడుగా?"

"స్నేహం ఎండిపోతుంది!" యున్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది.

అప్పుడే వచ్చిన వాళ్లమ్మ, "అమ్మయ్య, ఇవాళ తిడుతున్నారు" అనుకుంటూ సంతోషంగా వెనక్కి వెళ్లిపోయింది.

తిరిగి వెళ్లే ముందురోజు నమూనా పరీక్షలో నూటఏడు వచ్చాయి. జూన్ నెలాఖరున వీడియో కాల్ చేసింది. "నూటపద్దెనిమిది టీచర్! సీటు వచ్చినట్టే!" అని గంతులేసి, అంతలోనే గొంతు తగ్గించింది. "ఒక ప్రశ్నకి వాళ్లకు కావలసిన జవాబు తెలిసి కూడా నాదే పెట్టాను. రెండున్నర మార్కులు పోయాయి."

"బుద్ధుందా నీకు?" అని కేకలేసి, ఆ ప్రశ్నేమిటో చెప్పించుకున్నాను. నేనైనా అదే పెట్టేదాన్ని.

అప్పట్నుంచి పిల్లలు తప్పు జవాబు పెడితే, సరైనది చెప్పడానికి ముందే అది ఎందుకు పెట్టారో అడుగుతున్నాను. కొందరికి నిజంగానే అర్థం కాదు. వాళ్లకు పదాలు నేర్పాలి. కొందరికి అన్నీ అర్థమవుతాయి, ఒప్పుకోరు, అంతే. వాళ్లకు కావలసింది ఎదురుగా కూర్చుని వాదించే ఒక మనిషి. ఆ పనికి నాకంటే తగినవాళ్లు ఈ బ్లాకులో లేరు.